గోదావరి వాయువు, గరికపాడు పొయ్యి

2002 దీపావళి రోజులవి. అప్పట్లో నేను మా మెట్టప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. ప్రార్థన ముగిశాక దినపత్రికలోని ముఖ్యవార్తలు పిల్లలకు చదివి వినిపించే పని నాకు అప్పగించారు. ఆనాటి పెద్ద వార్త, కాకినాడకు ఎదురుగా సముద్రగర్భంలో అపారమైన సహజవాయువు దొరికిందని. చదివి ఊరుకుంటే సరిపోయేది. పండితుడి నోరు ఊరుకుంటుందా! కృష్ణా గోదావరులు యుగయుగాలుగా మోసుకుపోయిన ఒండ్రు పొరల కింద ప్రకృతి మనకోసం దాచిన నిధి అనీ, ఇక మీ అమ్మలకు పొగబాధ తీరినట్టేననీ, కుళాయిలో నీళ్ళు వచ్చినట్టు గొట్టంలో గ్యాసు ఇంటింటికీ వస్తుందనీ ఉపన్యసించాను. ఆరో తరగతి వరుసలోంచి ఒక పిల్ల "ఎప్పుడొస్తుంది మాస్టారూ?" అని అడిగింది. "నువ్వు పదో తరగతి పరీక్ష రాసేలోగా" అన్నాను ధీమాగా.

ఆ పిల్ల పదో తరగతి పరీక్ష రాసింది. పెళ్ళయింది. ఆమె కొడుకే ఇప్పుడు హైస్కూల్లో చదువుతున్నాడు. ఈమధ్య మా ఇంటికి వచ్చి, మాటల మధ్యలో, "మీరు చెప్పిన గొట్టం ఇంకా మా వీథికి రాలేదండీ మాస్టారూ" అంది. నవ్వుతూనే అంది గాని, నాకు ఆ మాట ముల్లులా తగిలింది. తప్పు చెప్పిన పాఠాన్ని దిద్దుకోవలసిన పూచీ పదవీ విరమణతో తీరిపోదు. ఇది ఆ దిద్దుబాటు. చదువరులు ఓపికతో ఆలకించ ప్రార్థన.

ముందు మా ఊరి సంగతి రెండు ముక్కలు. హైదరాబాదు నుంచి విజయవాడకు బస్సులో వచ్చేవారికి జగ్గయ్యపేటకు ముందు తగిలే ఊరు గరికపాడు. 2014 జూన్ 2 తరువాత ఆంధ్రప్రదేశ్‌కు గుమ్మంలాంటిదైంది. 2022 ఏప్రిల్ నుంచి మాది ఎన్టీఆర్ జిల్లా; నా తరం నోటికి మాత్రం ఇంకా కృష్ణా జిల్లా మెట్టే. డెల్టావారికి వరిగడ్డి, కొబ్బరిమట్ట ఉన్నాయి. మాకు పత్తికట్టె, కందికట్టె, మిరపకట్టె, సర్కారుతుమ్మ, పిడకలు. మిరపకట్టె అంటుకుందంటే వీథి వీథంతా దగ్గవలసిందే. కట్టెకు మన పూర్వులు వంటచెరకు అని ఎంత ముద్దుగా పేరు పెట్టుకున్నారో చూడండి! తీపి ఆ పేరులోనే ఉంది; పొగలో లేదు. మా అమ్మ ఊదుగొట్టంతో పొయ్యి ఊది ఊది, యాభై ఏళ్ళకే కళ్ళు చికిలించి చూసేది.

నా పాఠంలోని మొదటి తప్పు పదార్థానికి సంబంధించినది. ఇంట్లో సిలిండరులో ఉండేదీ, గోదావరి కింద దొరికేదీ ఒకటేనని నేను అనుకున్నాను. కావు. సిలిండరులోది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. కొద్దిపాటి ఒత్తిడికే ద్రవమవుతుంది కనుక ఇనుపబుడ్డిలో పోసి ఎడ్లబండి మీదైనా తీసుకుపోవచ్చు. సహజవాయువులో ప్రధానాంశం మీథేన్. అది ద్రవం కావాలంటే సున్నాకు దిగువన సుమారు 160 డిగ్రీల చలి కావాలి. అందుచేత దాన్ని గొట్టంలో పంపాలి, లేదా ప్రత్యేకమైన ఓడల్లో ద్రవమయ్యేంత చల్లగా మోయాలి. గొట్టం ఎవరు వేస్తే వారి దారినే అది పోతుంది. ఈ ఒక్క గుణం మీదనే సహజవాయువు రాజకీయమంతా నిలబడింది. పొలంలో దొరికిన కట్టెను ఏ పొయ్యిలోనైనా పెట్టుకోవచ్చు. ఈ వాయువు అలా కాదు. తవ్వకముందే కొనేవాడు కావాలి, గొట్టం కావాలి, ధర కుదరాలి.

గ్యాసు అన్న మాటను 17వ శతాబ్దిలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రజ్ఞుడు, అస్తవ్యస్తమనే అర్థంగల గ్రీకు పదం నుంచి కల్పించాడు. కృష్ణా-గోదావరి బేసిన్ చరిత్ర చూస్తే ఆ పేరు సార్థకమేమో అనిపిస్తుంది.

ఓఎన్జీసీ 1978లో నరసాపురం వద్ద బావి తవ్వినప్పుడు ఈ బేసిన్‌లో చమురు, వాయువుల జాడ తెలిసింది. ఆ తరువాత రాజోలు, తాటిపాక పరిసరాల్లో బావులు లేచాయి. కోనసీమ కొబ్బరితోటల మధ్య రాత్రింబవళ్ళు మంటలు కనిపించడం మొదలైంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఒక బావి అదుపుతప్పి ఎగజిమ్మి, 65 రోజులు మండింది. మా పాఠశాల సిబ్బంది గదిలో ఆ రెండు నెలలూ అదే చర్చ. ఇంత మంట రెండు నెలలు ఆరలేదంటే కింద ఎంత నిధి ఉందో అని మేము ఆశ్చర్యపోయాం. తోటలు కాలి ఊళ్ళు విడిచినవారి గురించి అంతగా మాట్లాడుకున్నట్టు గుర్తు లేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గనిపిస్తుంది.

1999లో కేంద్రప్రభుత్వం కొత్త అన్వేషణ విధానాన్ని అమలులోకి తెచ్చింది. సముద్రంలోని ఖండాలను వేలంవేసి ప్రైవేటు సంస్థలకు అప్పగించింది. కాకినాడకు ఎదురుగా ఉన్న డీ-6 ఖండం 2000లో రిలయన్స్‌కూ, కెనడాకు చెందిన నైకో సంస్థకూ దక్కింది. 2002లో అక్కడ దొరికిన నిక్షేపానికి, ఆ ఏడే మరణించిన ధీరూభాయి అంబానీ పేరు పెట్టారు. నేను పిల్లలకు చదివిన వార్త అదే.

నా రెండో తప్పు, ప్రకటనను పంటగా భావించడం. రైతుబిడ్డనై ఉండీ ఈ పొరపాటు చేశాను. మిరపతోట పూతమీద ఉన్నప్పుడు ఎన్ని బస్తాలని ఎవరైనా లెక్క కడతారా? వాయు సంస్థలు కడతాయి. భూమిలో ఎంత ఉందన్నది ఒక లెక్క. అందులో పైకి తీయగలిగింది ఎంతన్నది వేరే లెక్క. గిట్టుబాటు ధరకు తీయగలిగింది మూడో లెక్క. ప్రకటనల్లో మొదటి లెక్క వినిపిస్తుంది. 2005 జూన్‌లో గుజరాత్ ప్రభుత్వరంగ పెట్రోలియం సంస్థకు ఇదే బేసిన్‌లో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువు దొరికిందని గుజరాత్ ప్రభుత్వం ప్రకటించింది. వేల కోట్లు అప్పు తెచ్చి తవ్వినా వాణిజ్యస్థాయి ఉత్పత్తి సాగలేదు. చివరకు 2017లో ఆ క్షేత్రంలో 80 శాతం వాటాను ఓఎన్జీసీ సుమారు 120 కోట్ల డాలర్లకు కొన్నది. ఆశ ఒక సంస్థది, అప్పు ఇంకొక సంస్థది అయింది. రెండూ ప్రజల సంస్థలే.

డీ-6 కథ ఇంతకన్నా పెద్దది. 2004 నాటి ప్రణాళికలో పెట్టుబడి సుమారు 240 కోట్ల డాలర్లు, రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్ల ఉత్పత్తి అన్నారు. 2006లో దాన్ని 8 కోట్ల ఘనపు మీటర్లకు పెంచారు. రెండు దశలకూ కలిపి పెట్టుబడి 880 కోట్ల డాలర్లకు చేరింది. ఇక్కడ ఒప్పందంలోని కిటుకు తెలుసుకోవాలి. ఉత్పత్తి పంపక ఒప్పందం ప్రకారం, వచ్చిన రాబడిలోంచి సంస్థ ముందుగా తన ఖర్చు రాబట్టుకుంటుంది. మిగిలిన లాభాన్ని ప్రభుత్వంతో పంచుకుంటుంది. పెట్టిన ఖర్చుకు రాబడి ఎన్ని రెట్లయిందనే లెక్కను బట్టి ప్రభుత్వ వాటా పెరుగుతుంది. అంటే ఖర్చు పెరిగినకొద్దీ ప్రభుత్వానికి పెద్దవాటా వచ్చే రోజు వెనక్కి జరుగుతుంది. కాగ్ 2011 నివేదికలో ఎత్తిచూపిన లోపం ఇదే. కౌలు రైతు ముందు తన పెట్టుబడంతా తీసుకుని తరువాత పంట పంచుతానంటే, మా ఊళ్ళో ఏ ఆసామీ అయినా మొదట అడిగేది, 'ఖర్చు పద్దు ఎవరు రాస్తారు?' అని.

ఇక ధర. వాయువును తూకంతో గాక, అది ఇచ్చే వేడిని బట్టి అమ్ముతారు. ఆ కొలతలో ఒక ప్రమాణం అంటే పది లక్షల బ్రిటిష్ ఉష్ణమానాలు. గృహిణులకు తెలిసేలా చెప్పాలంటే, 14.2 కిలోల సిలిండర్లు ఒకటిన్నరలో ఉండే వేడి. 2004లో ఎన్టీపీసీ టెండరుకు రిలయన్స్ ఇచ్చిన ధర ప్రమాణానికి 2.34 డాలర్లు, 17 ఏళ్ళపాటు. ఆ ఒప్పందం ఖరారు కాక కోర్టుకెక్కింది. 2005లో అంబానీ సోదరులు విడిపోయినప్పుడు తమ్ముడి సంస్థకు కూడా అదే ధరకు ఇవ్వాలన్న ఏర్పాటు జరిగింది, అదీ కోర్టుకెక్కింది. 2007 సెప్టెంబరులో కేంద్రమంత్రుల సాధికార బృందం 4.20 డాలర్ల ధరను ఆమోదించింది. నాటి మారకంలో సుమారు 170 రూపాయలు. 2010 మే 7న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సహజవాయువు జాతి సంపద. దాని ధరనూ కేటాయింపునూ నిర్ణయించే అధికారం ప్రభుత్వానిదే. కుటుంబ ఒప్పందం దానికి లోబడాలి అని. ఆ ముగ్గురు న్యాయమూర్తులలో తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఒకరు.

తీర్పు చదివి నేను సంతోషించాను. జాతి సంపద అన్నమాట వినడానికి బాగుంది. అయితే జాతి అంటే ఎవరు? వరుసలో ఎవరు ముందు? సాధికార బృందం వేసిన వరుసలో మొదట ఎరువుల కర్మాగారాలు, తరువాత వంటగ్యాసు తీసే కర్మాగారాలు, ఆపైన విద్యుత్ కేంద్రాలు, ఆ వెనుక నగరాల గ్యాసు పంపిణీ. ఇంటి పొయ్యి ఈ వరుసలో చివరి భాగంలో నిలబడింది. ఈ వరుస అన్యాయమని నేను అనను. కాకినాడ నాగార్జున కర్మాగారంలో ఈ బేసిన్ వాయువుతో చేసిన యూరియా మా పొలాలకు వచ్చింది. ఆ లెక్కన గోదావరి వాయువు గరికపాడుకు రానే వచ్చింది, బస్తాలో! పిల్లలకు నేను చెప్పిన దారిన మాత్రం రాలేదు.

గొట్టం దారి కూడా చూడండి. గాడిమొగ తీరం నుంచి గుజరాత్‌లోని భరూచ్ వరకు సుమారు 1,400 కిలోమీటర్ల తూర్పు-పడమర గొట్టం వేశారు. పరిశ్రమలు, పాత గొట్టాల అల్లిక, డబ్బు చెల్లించగల కొనుగోలుదారులు పడమటి తీరంలో ఉన్నారు. నీరు పల్లమెరుగు, వాయువు గిరాకీ ఎరుగు. రాష్ట్రానికి తగిన వాటా ఇవ్వాలని నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి కేంద్రాన్ని కోరారు. వాయువు వస్తుందన్న నమ్మకంతో గోదావరి జిల్లాల్లో వేమగిరి, గౌతమి, కోనసీమ విద్యుత్ కేంద్రాలు నిర్మించారు. మా జిల్లా కొండపల్లిలో ఉన్న కేంద్రాన్ని విస్తరించారు.

2009 ఏప్రిల్‌లో డీ-6 వాయువు పైకి వచ్చింది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. 8 కోట్లు ఏనాడూ చూడలేదు. అక్కడి నుంచి దిగజారి, 2013-14 నాటికి కోటిన్నర లోపుకు పడిపోయింది. 2013 మార్చి నుంచి విద్యుత్ కేంద్రాలకు ఆ వాయువు పూర్తిగా ఆగిపోయింది. నీరూ ఇసుకా చొరబడ్డాయి, భూగర్భం అనుకున్నట్టు లేదు అన్నది సంస్థ వాదన. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదన్నది ప్రభుత్వ వాదన. ధర పెరిగేదాకా అట్టే పెట్టుకున్నారని ఎందరో అనుమానించారు. భూగర్భాన్ని చూసిన కన్ను నాకు లేదు కనుక ఆ తగవు తీర్చడం నా పని కాదు. తరువాతి కాలక్రమం మాత్రం చెప్పగలను. 2014 నవంబరు నుంచి ధరను అమెరికా, బ్రిటన్, కెనడా, రష్యా ధరల సగటుకు ముడిపెట్టారు. 2016లో లోతు సముద్రపు కొత్త వాయువుకు ఒక గరిష్ఠ పరిమితిలో స్వేచ్ఛగా ధర పెట్టుకునే వీలిచ్చారు. 2017లో రిలయన్స్, దాని భాగస్వామి బీపీ కలిసి 40,000 కోట్ల రూపాయల కొత్త పెట్టుబడిని ప్రకటించాయి. 2020 డిసెంబరు నుంచి 2023 జూన్ లోపల మూడు కొత్త క్షేత్రాలు ఉత్పత్తిలోకి వచ్చి, రోజుకు సుమారు 3 కోట్ల ఘనపు మీటర్లు ఇచ్చాయి. 2002లో దొరికిన పాత క్షేత్రం 2020 ఫిబ్రవరిలోనే మూతపడింది.

ధర నచ్చితే తీస్తారు, నచ్చకపోతే ఆగుతారు. మా ఊరి రైతు కూడా మిరపకాయలను శీతల గిడ్డంగిలో పెట్టి ధరకోసం చూస్తాడు కదా, వారిని తప్పుపట్టేదేముంది అని నేనే నాతో వాదించుకున్నాను. రెండు కిలోమీటర్ల లోతు నీటి కింద తవ్వే సాహసానికి ప్రతిఫలం ఉండవలసిందే. తేడా ఒకటే. మిరపకాయలు రైతువి. వాయువు జాతిదని సుప్రీంకోర్టు అన్నది. గిడ్డంగిలో సరుకు మనది, తాళంచెవి మాత్రం మన చేతిలో లేదు.

ఈలోగా నష్టం ఎవరికి జరిగింది? 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పగిలి అంటుకుని ఇరవైమందికి పైగా చనిపోయారు. తాటిపాక నుంచి మా కొండపల్లి విద్యుత్ కేంద్రానికి వాయువు తెచ్చే గొట్టమది. మా జిల్లా దీపాల కోసం పోయే వాయువు వాళ్ళ ఇళ్ళ పక్కనుంచి పోయింది. నిధి అని నేను పిల్లలకు చెప్పినప్పుడు ఈ సంగతి నా పాఠంలో లేదు.

మరి మా పొయ్యి మీద మండుతున్నదేమిటి? సిలిండరు. మనదేశంలో ఈ గ్యాసు అమ్మకం 1955లో బొంబాయిలో మొదలైంది. విశాఖలో కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం 1957లో వచ్చింది. తరువాత అది హెచ్‌పీసీఎల్ అయింది. 1980లలో కనెక్షన్ కావాలంటే పేరు రాయించి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. పార్లమెంటు సభ్యుల కోటాలో చీటీ దొరికినవాడు అదృష్టవంతుడు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన దీపం పథకం పేద మహిళలకు డిపాజిట్ సొమ్ము తానే కట్టి కనెక్షన్ ఇచ్చింది. 2016లో కేంద్రం ఉజ్జ్వల తెచ్చింది. 2024 నవంబరు 1న దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు మొదలయ్యాయి. నా శిష్యురాలి తల్లికి దీపం కింద వచ్చింది. శిష్యురాలికి దీపం-2 కింద వస్తున్నది. అంటే ఆ ఇంటి పొగ తగ్గించింది సముద్రంలోని నిధి కాదు, ప్రభుత్వపు ఖజానా.

ఆ సిలిండరు కూడా పూర్తిగా మనది కాదు. దేశం వాడే వంటగ్యాసులో దాదాపు 60 శాతం దిగుమతి. చాలాకాలంగా అందులో అధికభాగం గల్ఫ్ దేశాల నుంచి, హోర్ముజ్ జలసంధి మీదుగా వచ్చింది. సౌదీ ఆరాంకో నెలనెలా ప్రకటించే ఒప్పంద ధర మన గ్యాసు ధరకు మూలం. ఒక్కచోటి మీదే ఆధారపడకూడదని 2026కు గాను అమెరికా నుంచి 22 లక్షల టన్నులకు 2025 నవంబరులో ఒప్పందం చేసుకున్నారు. సహజవాయువు సంగతీ అంతే. ఖతార్ నుంచి ఏటా 75 లక్షల టన్నులు కొనే ఒప్పందాన్ని 2024లో 2048 దాకా పొడిగించారు. అమ్మేవాడికి ఇరవై ఏళ్ళ గిరాకీ నిశ్చింత. కొనేవాడికి సరఫరా నిశ్చింత. ఆ నిశ్చింతకూ హద్దుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ఐరోపాలో ధర ఆకాశానికి ఎగిసినప్పుడు, గెయిల్‌కు ఒప్పందం ప్రకారం రావలసిన ఓడలు కొన్ని రాలేదు. ఆ తగవు 2025లో 28.5 కోట్ల డాలర్ల పరిహారంతో తీరింది. పరిహారం వచ్చింది సరే, ఆ రోజు వండవలసిన అన్నం ఆ రోజే వండాలి కదా.

ఇక ముందు మాట. విజయవాడలో గొట్టపు గ్యాసు కొన్ని ఇళ్ళకు చేరింది. నగరాలు విస్తరించినకొద్దీ ఇంకా చేరుతుంది. వంద ఇళ్ళున్న మెట్టపల్లెకు గొట్టం వేస్తే సంస్థకు గిట్టదు. అందుచేత మావంటి ఊళ్ళకు సిలిండరు చాలాకాలం తప్పదు. దాని పక్కన కరెంటు పొయ్యి చేరుతుంది. మా ఇంట్లో ఇండక్షన్ పొయ్యి వచ్చి మూడేళ్ళయింది. 1980లలో మా పెరట్లో గోబర్ గ్యాసు ప్లాంటు ఉండేది. ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయాయి, ఎడ్లతో పేడా పోయింది. ఇప్పుడు ఆ గుంతలో కరివేపచెట్టు ఉంది. అప్పట్లో ఎగతాళి చేశాను గాని, ధరా గొట్టమూ ఒప్పందమూ మూడూ మా చేతిలోనే ఉన్న గ్యాసు మా జీవితంలో అదొక్కటే. ఎండకు మా మెట్టలో కొదవ లేదు. ఇంటిపై సౌరఫలకలతో ఆ స్వతంత్రం కొంతైనా తిరిగివస్తుందేమో చూడాలి.

శిష్యురాలు మొన్న మళ్ళీ వచ్చింది, కొడుకును వెంటబెట్టుకుని. పాత పాఠం తప్పని ఒప్పుకుని, వాడికి కొత్తపాఠం చెప్పాను. ఎక్కడైనా నిధి దొరికిందని పత్రికలో చదివితే మూడు ప్రశ్నలు అడగమన్నాను. ఎంత ఉందన్నది సరే, ఎంత తీయగలరు? ఏ ధరకు? వరుసలో మొదట నిలబడేది ఎవరు? వాడు నోటుపుస్తకం తీసి, "ఇది పరీక్షలో వస్తుందా తాతగారూ?" అని అడిగాడు. రాదురా అన్నాను. అయినా రాసుకున్నాడు.